షాంపూ పలచబడితే మళ్లీ ఉప్పు వేసే ముందు

కింది లెక్కలు కిలో షాంపూకి: 70 శాతం ఎస్‌ఎల్‌ఈఎస్ (మురికి తీసి నురగనిచ్చే ముఖ్య పదార్థం) పేస్టు 150 గ్రాములు, 30 శాతం కోకో బీటైన్ (దానికి తోడుగా వేసే నురగ పదార్థం) 80 గ్రాములు, మిగతాది ఎక్కువగా నీళ్లే.

సమస్య: ఉప్పు వేసేకొద్దీ ఇంకా జారిపోతోంది

ఉప్పు కొంతవరకే చిక్కబరుస్తుంది. ఆ హద్దు దాటాక వేసిన ప్రతి చిటికా పలచన చేస్తుంది, మసకబారుస్తుంది కూడా. ఉప్పు చాలలేదో, మించిందో చూపుతో తేలదు. రెండు గ్లాసుల్లో 50 గ్రాముల చొప్పున తీసుకోండి. ఒకదాంట్లో నాలుగు చుక్కల ఉప్పునీళ్లు (20 శాతం ద్రావణం), రెండోదాంట్లో 5 గ్రాముల మంచినీళ్లు కలపండి. నీళ్లు పోసింది చిక్కబడితే ఉప్పు మించినట్టే. ఉప్పు వేయని షాంపూ కొంచెం విడిగా చేసి, ఉప్పు మించిన దాంట్లో పదో వంతుతో మొదలుపెట్టి కలుపుతూ పోండి.

మనవైపు దీనికి ఇంకో మూలం ఉంది. కాలవలు కట్టేశాక బోరు నీళ్లకు మళ్లితే, పాత కొలతే తప్పుతుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పన బోర్ల సంగతి చెప్పక్కర్లేదు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 2000 ఉన్న నీళ్లంటే లీటరుకి 2 గ్రాముల లవణాలు. బీటైన్ కూడా ఉత్తగా రాదు: 80 గ్రాముల్లో సుమారు 4 గ్రాముల ఉప్పు ఉంటుంది. హద్దు దగ్గరుంటే దాన్ని దాటడానికి ఆ కాస్తా చాలు. ఆర్‌ఓ నీళ్లు వాడండి. ఈడీటీఏ అనే పొడి నీళ్ల కాఠిన్యాన్ని కట్టేస్తుందే గానీ ఉప్పును తీసెయ్యదు.

కొత్త ఫార్ములాకి 100 గ్రాముల నమూనాల్లో ఉప్పును 0.5 నుంచి 3 శాతం దాకా అరశాతం చొప్పున పెంచి చూడండి. నురగ దిగాక, అన్నీ ఒకే వేడి దగ్గర ఉన్నప్పుడు పోల్చాలి.

సమస్య: నిన్న బాగుంది, సెంటు వేశాక నీళ్లయింది

సెంటు, ఫినాక్సీఇథనాల్ (షాంపూ పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్) రెండూ చిక్కదనాన్ని విరుస్తాయి. సిట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ మారినా చిక్కదనం మారుతుంది. అందుకే సెంటు, ప్రిజర్వేటివ్, పీహెచ్ (5 నుంచి 5.5) అయ్యాకే ఉప్పు. ఈ వరస తిరగేస్తే ప్రతి బ్యాచీ కొత్త తలనొప్పే.

సమస్య: జెల్లీ ముద్దలు

పేస్టు మీద కొంచెం కొంచెం నీళ్లు పోస్తే గట్టి జెల్ కడుతుంది. మొత్తం నీళ్లలోనే పేస్టును ముక్కలుగా వేసి, మెల్లగా తిప్పి, రాత్రంతా వదిలేయండి. జోరుగా బీటర్ తిప్పితే ముద్ద కరగదు, నురగే మిగులుతుంది.

చేపకళ్లలాంటి ఉండలైతే జాంతన్ గమ్ (చిక్కదనానికి వేసే జిగురు పొడి)వి. 5 గ్రాముల గమ్ముని ముందు 20 గ్రాముల గ్లిజరిన్‌లో తడిపి నీళ్లలో వేయాలి. 1 శాతం దాటితే షాంపూ తీగలు సాగుతుంది.

సమస్య: కుంకుడు రసం, మందారాకు షాంపూ చిక్కబడదు

రసం ఒక్కటే అయితే ఉప్పుతో పని జరగదు. గమ్మే దారి. మందారాకు జిగురు మొదట్లో చిక్కగానే ఉంటుంది. నాలుగు రోజులకి పలచబడి పులిసిన వాసన వస్తే సూక్ష్మజీవులు చేరాయన్నమాట. దాన్ని బాగుచెయ్యాలని చూడొద్దు, పారబోయండి.