పీచు పెంచబోయి నేను పడ్డ తొందర

రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువుందని తేలిన మర్నాడే దాన్ని తగ్గిస్తుందని పీచు (ఫైబర్) మీద పడ్డాను. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం గిన్నెడు ఉడికించిన శనగలు, రాత్రికి రాజ్మా. మూడో రోజుకల్లా పొట్ట డప్పులా బిగుసుకుపోయింది. మీటింగులో నా కడుపు చేసే చప్పుళ్లు పక్కవాళ్లకి వినిపిస్తాయేమోనని కుర్చీలో అటూ ఇటూ కదులుతూ కూర్చున్నాను.

పీచును అరిగించే ఎంజైములు మన ఒంట్లో లేవు. అది దాదాపు అలాగే పెద్దపేగుదాకా వెళ్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి పేగు గోడకి పనికొచ్చే ఫ్యాటీ యాసిడ్లు తయారుచేస్తుంది, దాంతోపాటే గ్యాసూ పుడుతుంది. అలవాటు పడటానికి ఆ బ్యాక్టీరియాకి కొన్ని వారాలు ఇవ్వాలి.

అందుకని ముందు ఒక మూడు రోజులు తినేదంతా రాసుకోండి. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉడికిన శనగలు కప్పుకి సుమారు 12 గ్రాములు, తొక్కతో తిన్న ఆపిల్‌లో 4, కప్పు తెల్లన్నంలో ఒక గ్రాము కూడా ఉండదు. నా మామూలు తిండి లెక్క 11 దగ్గర ఆగింది.

ఇక వారానికి ఒక్క మార్పు, మహా అయితే ఐదారు గ్రాములు. మొదటివారం నేను జ్యూస్ మానేసి పండే కొరుక్కుతిన్నాను. రెండోవారం అరకప్పు శనగలు. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే గ్యాస్ కొంత తగ్గుతుంది. మూడోవారం బ్రెడ్డు మార్చాను. గోధుమరంగు చూసి మోసపోకండి, రంగు కలిపినవీ ఉంటాయి. ప్యాకెట్ వెనక మొదటి పేరే ముడిగోధుమ పిండి అని ఉండాలి.

పీచుతో పాటు నీళ్లూ బాగా తాగాలన్న సంగతి నాకు మాటలతో ఎక్కలేదు, గ్లాసుతో ఎక్కింది. అరగ్లాసు నీళ్లలో చెంచాడు ఇసబ్‌గోల్ (మలబద్ధకానికి వాడే గింజల పొట్టు) కలిపి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి గ్లాసు వంచినా జారనంత జెల్లీ అయింది. కరిగే పీచు పని అదే. ఈ జిగురు చక్కెరను రక్తంలోకి మెల్లగా వదులుతుంది, పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకుని బయటికి లాక్కుపోతుంది. వాటి బదులు కొత్తవి చేసుకోడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. గోధుమ పొట్టుతో అదే చేసి చూస్తే జెల్లీ కాదు, తడిసి అడుగుకి చేరుతుంది. అది మలానికి పరిమాణమిచ్చి ముందుకి తోసే రకం. ఓట్స్‌లో, పప్పుల్లో రెండూ ఉంటాయి కాబట్టి విడివిడిగా లెక్కలు వద్దు.

ఇసబ్‌గోల్ పొడిగా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడొచ్చు. పెద్ద గ్లాసు నీళ్లతో వెంటనే తాగేయాలి. మందులు వేసుకునేవాళ్లు రెంటికీ మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టర్ని అడగండి. పేగులు ఇరుకుగా ఉన్నవాళ్లు, పేగుకి ఆపరేషన్ అయినవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు. మలంలో రక్తం కనిపిస్తే పీచుతో సరిపెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఆరోవారానికి నా లెక్క 27కి వచ్చింది, పొట్ట ఊరుకుంది. రాజ్మా మాత్రం ఇప్పటికీ మర్నాడు మీటింగ్ లేని రాత్రే.