డ్రైనేజీ లైను రాని కాలనీలో కంకర, జమ్ముతో మురుగునీటి శుద్ధి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటి మా ఘట్‌కేసర్ వైపు వస్తే, ఇళ్లు లేచినంత వేగంగా డ్రైనేజీ లైన్లు రావు. వాడిన నీళ్లు పల్లం చూసుకుని చెరువులో కలుస్తాయి. పది ఇళ్లవాళ్లు ఒక మాట మీద ఉండి, పల్లాన కాస్త జాగా చూపిస్తే చాలు, ఆ నీళ్లను అక్కడే శుద్ధి చేసుకోవచ్చు. నేను కాలనీలకు కట్టించే పద్ధతి ఇది: మురుగు ముందు సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది, అక్కడి నుంచి కంకర నింపి జమ్ము గడ్డి నాటిన తొట్టి గుండా పారి బయటికొస్తుంది. ఈ తొట్టినే బెడ్ అంటాం.

మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగు. 40 మందికి సుమారు 4,300 లీటర్లు. దానికి 60 చదరపు మీటర్ల బెడ్ సరిపోతుంది.

అందరూ మొక్కల గురించే అడుగుతారు. నేను మాత్రం డబ్బు ముందు సెప్టిక్ ట్యాంకు మీద పెట్టమంటాను. బురద అక్కడ ఆగకపోతే కంకర సందులు పూడుకుపోతాయి, అప్పుడు బెడ్డంతా తోడి కడగాలి. రెండు మూడేళ్లకోసారి సక్కర్ మిషన్‌తో తీయించండి. మనిషిని మాత్రం లోపలికి దించొద్దు, ఆ గ్యాసుకు క్షణాల్లో ప్రాణం పోతుంది.

బెడ్ రెండడుగుల లోతు, మీటరుకు ఒక సెంటీమీటరు వాలు. అడుగున కాంక్రీటో మందపాటి షీటో తప్పనిసరి, లేదంటే మురుగు బోర్లలోకి దిగుతుంది. రెండు చివర్లా 40 ఎంఎం రాయి, మధ్యలో 10 నుంచి 20 ఎంఎం కంకర పోయాలి. లారీ దిగగానే గుప్పెడు కంకర గాజుగ్లాసు నీళ్లలో వేసి కలపండి. నీళ్లు పాలలా తెల్లబడితే అది కంకరకు అంటిన క్రషర్ డస్టు, అంటే రాతిపొడి. మేస్త్రి ఎంత తొందరపెట్టినా సరే, కడిగాకే పోయించండి.

నీళ్లు బయటికొచ్చే చోట పైపుకు ఎల్బోను (వంపు ముక్కను) సొల్యూషన్‌తో అతికించకుండా, తిరిగేలా వదిలేయండి. దాన్ని పైకి తిప్పితే బెడ్డులో నీటిమట్టం పెరుగుతుంది, పక్కకు వాలిస్తే తగ్గుతుంది. మట్టం ఎప్పుడూ కంకర పైభాగానికి నాలుగు వేళ్ల కిందే ఉండాలి. పైకి నీళ్లు కనబడకపోతే దోమలు గుడ్లు పెట్టవు, వాసనా ఉండదు. మొక్కలు నాటిన కొత్తలో మాత్రం వాటి వేళ్లకు నీళ్లు అందేలా మట్టం కాస్త పెంచాలి.

మొక్కలకు నర్సరీ దాకా పోనక్కర్లేదు. చెరువు గట్టున జమ్ము దుబ్బులు ఉంటాయి. పూలు కావాలంటే మెట్టతామర వేయండి. అసలు మురుగును తినేది కంకరకూ వేళ్లకూ పట్టుకుని పెరిగే బ్యాక్టీరియా. ఎండిన ఆకులు కోసి బయట పారేయాలి, బెడ్డులో కుళ్లనివ్వకూడదు.

వచ్చిన నీళ్లు చెట్లకు, లాన్‌కు పెట్టండి. రోగక్రిములు పూర్తిగా చావవు కాబట్టి ఆకుకూరల మళ్లకు వద్దు.