మ్యూనిక్ నుంచి కారులో బయల్దేరుతున్నారా? ముందు విన్యెట్ సంగతి చూసుకోండి

మ్యూనిక్‌లో కారు అద్దెకు తీసుకుని సాల్జ్‌బర్గ్, లుబ్లియానా మీదుగా వెనిస్ వెళ్దామనుకునేవాళ్లు హోటళ్ల కన్నా ముందు చూసుకోవాల్సింది విన్యెట్. మన టోల్ గేట్ లాంటిది కాదిది, ఇన్ని రోజులకని ముందే కట్టేసే రోడ్డు రుసుము. జర్మనీలో కార్లకు అక్కర్లేదు. ఆస్ట్రియా, స్లోవేనియా మోటర్‌వేలకు కావాలి. ఇటలీలో మళ్లీ టికెట్ తీసుకుని దిగేచోట కట్టే పద్ధతి. దారి మార్చి స్విట్జర్లాండ్‌లోకి వెళ్తే అక్కడ ఏడాదిది ఒక్కటే అమ్ముతారు, 40 ఫ్రాంకులు. ఒక్క పూట దాటినా అంతే!

డిజిటల్ విన్యెట్ కారు నంబరు మీద ఉంటుంది. అద్దె కారు నంబరేమో తాళం చేతికొచ్చాకే తెలుస్తుంది. కాబట్టి పార్కింగ్‌లోనే ప్లేటు ఫొటో తీసి, దాన్ని చూస్తూ టైప్ చేయండి. నేను ఓ అక్షరం బదులు సున్నా కొట్టేశాను. సరిహద్దు ముందు పెట్రోల్ బంకులో కాఫీ తాగుతూ రసీదు చూసుకుంటే గానీ తెలియలేదు. ఒకటే టెన్షన్! రిజిస్ట్రేషన్ దేశం దగ్గర కూడా జర్మనీ అనే పెట్టాలి, ఇండియా కాదు.

ఇంకోటి, ఈ దారిలో టౌయెర్న్ మోటర్‌వేలో కొంత భాగానికి, కారవాంకెన్ సొరంగానికి విన్యెట్ ఉన్నా విడిగా కట్టాలి. అద్దె కంపెనీని ఏయే దేశాల్లోకి కారు తీసుకెళ్లొచ్చో అడిగి, కాగితం మీద రాయించుకోండి.