ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్‌లో ఏడాది ప్లాన్ వేసుకోవడం ఎలా

మిల్లులు, ఫ్యాక్టరీలు, సినిమా హాళ్ల లాంటి చోట్ల కరెంటు భద్రతని తనిఖీ చేసే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్‌లో మాకు మార్చి ఆఖరు వారంలో పై ఆఫీసు నుంచి ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. పోయినేడు ఎన్ని తనిఖీలు చేశారో దానికి పది శాతం కలిపి ఈ ఏడు టార్గెట్ అని ఉంటుంది. చాలామంది దాన్నే పన్నెండుతో భాగించి నెలకిన్ని అని రాసేసి, ప్లాన్ అయిపోయిందనుకుంటారు. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. తెలుగు రాష్ట్రాల్లో ఈ శాఖలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం, ఆ తర్వాత నేర్చుకున్నది రాస్తున్నా.

ముందు మన చేతిలో ఎన్ని రోజులున్నాయో చూడండి, టార్గెట్ సంగతి తర్వాత. ఉదాహరణకి మీ డివిజన్‌లో ఫీల్డుకి వెళ్లగలిగే అధికారులు ముగ్గురు అనుకుందాం. ఆదివారాలు, పండగలు, సెలవులు పోను మనిషికి 240 పని దినాలు. అందులో వారానికి రెండు రోజులు ఫైళ్లకి, కోర్టుకి, మీటింగులకి పోతాయి. ఇక్కడ మొహమాటపడి ఒక్క రోజే అని రాసుకోకండి, రెండూ పోతాయి. మిగిలేది మనిషికి 144, ముగ్గురికీ కలిపి 432. పోయినేడు 60 ప్రమాదాలు జరిగితే ఒక్కోదానికి రెండు రోజుల చొప్పున 120 అక్కడే అయిపోతాయి. కొత్త సర్వీసుల (కరెంటు కనెక్షన్ల) అప్రూవల్ ఫైళ్లు 140 వస్తే, రోజుకొకటి చొప్పున ఇంకో 140. మిగిలినవి 172. ఇప్పుడు రిజిస్టర్ తీసి చూస్తే ఈ ఏడు పీరియాడికల్ తనిఖీకి, అంటే ఇన్నేళ్లకోసారి చూడాల్సిన వంతుకి వచ్చినవి 300 ఉంటాయి!

ఈ తేడా ఏప్రిల్‌లోనే కాగితం మీద కనబడాలి. కనబడితే పై అధికారిని పోస్టులు అడగొచ్చు, పక్క డివిజన్ సాయం అడగొచ్చు, కనీసం ఏవి వదిలేస్తున్నామో తెలిసి వదిలేయొచ్చు. జనవరిలో బయటపడితే మాత్రం కుర్చీలో కూర్చుని తనిఖీ రిపోర్టులు రాసే పాడు అలవాటు మొదలవుతుంది.

ఈ తేడాని తగ్గించే దారి నిబంధనల్లోనే కొంత ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నాటి భద్రతా నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి తెచ్చింది. ప్రభుత్వం నోటిఫై చేసిన వోల్టేజీ దాకా ఉన్న ఇన్‌స్టలేషన్లకి అంతా భద్రంగా ఉందని ఓనరే సెల్ఫ్ సర్టిఫికేషన్ ఇచ్చుకోవచ్చు, ప్రభుత్వం గుర్తించిన చార్టర్డ్ ఎలక్ట్రికల్ సేఫ్టీ ఇంజినీర్ల చేత చూపించుకునే వీలూ ఉంది. మీ ప్రభుత్వం ఏ వోల్టేజీ నోటిఫై చేసింది, ఏ కేటగిరీకి ఎన్నేళ్లకోసారి తనిఖీ అంది, ఆ జీవోలు ముందు పెట్టుకుని 300లో నిజంగా మనమే వెళ్లాల్సినవి ఏవో విడదీయండి. సెల్ఫ్ సర్టిఫికెట్ వచ్చినవాటిని పూర్తిగా గాలికొదలకుండా, వాటిలో కొన్నింటిని చెప్పకుండా వెళ్లి చూడటానికి నాలుగైదు రోజులు అట్టిపెట్టుకోండి.

తర్వాత క్యాలెండర్. నెలకి పాతిక అని సమానంగా పంచితే పొరపాటు, ఎందుకంటే ప్రమాదం నెలల వారీగా సమానంగా రాదు. జిన్నింగ్ మిల్లు అక్టోబర్‌లో పత్తి రావడం మొదలయ్యాక రాత్రింబవళ్లు ఆడుతుంది, అప్పుడు మీరు వెళ్లి మెయిన్ ఆఫ్ చెయ్యమంటే ఎవరు చేస్తారు? ఆగస్టు, సెప్టెంబర్‌లోనే వెళ్లాలి. రైస్‌మిల్లుల సంగతీ అంతే, ఖరీఫ్ ధాన్యం దిగకముందే. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు సరుకు నిండకముందు, అంటే జనవరి లోపే. సినిమా హాళ్లు సంక్రాంతి సినిమాలు పడకముందు. వ్యవసాయ మోటార్ల దగ్గర ప్రమాదాలు తొలకరితో పెరుగుతాయి, తడి చేతుల్తో స్టార్టర్ ముట్టుకోవడం, ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక రైతే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కేయడం. కాబట్టి ఊళ్లల్లో చెప్పే మాటలేవో మే నెలలోనే చెప్పాలి. జూన్ 26న విద్యుత్ భద్రతా దినం బ్యానర్ కడతాం, కట్టండి, కాదనను. కానీ అప్పటికే నాట్లు మొదలైన ఊళ్లుంటాయి.

భీమవరం వైపు చెరువుల మీద ఒక ముక్క. రొయ్యల చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుంటాయి, వెదురు బొంగుల మీదుగా వైరు, రెండు మూడు చోట్ల జాయింట్లకి ఇన్సులేషన్ టేపు, అది ఎండకి ఎండి ఊడి వేలాడుతూ ఉంటుంది. మేత చల్లే కుర్రాడు నడుము లోతు నీళ్లలో ఉంటాడు. అక్కడ కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ ఉందా లేదా చూసి, ఉంటే టెస్ట్ బటన్ మీరే నొక్కండి. నేను నొక్కినవాటిలో కొన్ని ట్రిప్పే కాలేదు, ఒకదానికైతే లోపల వైర్లు బైపాస్ చేసి డబ్బా మాత్రం అలంకారానికి ఉంచారు.

పండగలకి విడిగా రోజులు తీసి పెట్టాలి. వినాయక చవితి మండపాల తాత్కాలిక కనెక్షన్లు, నిమజ్జనం దారిలో విగ్రహం ఎత్తు, జాతరలు, తిరునాళ్లు. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర కలిమేడులో రథం హైటెన్షన్ తీగకి తగిలి 11 మంది చనిపోయారు. ఊరేగింపు దారిని పోలీసులు, డిస్కం, మనం కలిసి ఒకసారి ముందే నడిచి చూడాలి, రోడ్డు మీద మళ్లీ మళ్లీ తారు పోసి ఎత్తు పెంచిన చోట తీగ ఎంత కిందికి వచ్చిందో కొలిస్తే గానీ తెలియదు. మేడారం జాతర రెండేళ్లకోసారి, గోదావరి పుష్కరాలు 2027లో, ఇలాంటివి పడే ఏడాది మామూలు టార్గెట్ ఒప్పుకోకండి.

ప్రమాదాల సంగతి. ప్రాణనష్టం జరిగితే తెలిసిన 24 గంటల్లో కబురు, 48 గంటల్లో రాతపూర్వక రిపోర్టు రావాలని 2005 నాటి రూల్స్. విచారణ 2003 విద్యుత్ చట్టం 161 సెక్షన్ కింద. అయితే ఊళ్లో కరెంటు లేదని గొడవ చేస్తారు, తెల్లారేసరికి తెగిన తీగ మార్చేస్తారు, మీరు మూడో రోజు వెళ్తే అంతా కొత్తగా మెరుస్తుంటుంది. అందుకే ప్లాన్‌లో ప్రతి వారం ఒక మనిషిని, ఒక బండిని ప్రమాదాల కోసమే ఖాళీగా పెట్టుకోవాలి. ఇంకో విషయం, పోయినవాళ్ల ఇంటికి పరిహారం మన రిపోర్టు మీద ఆగి ఉంటుంది, దాన్ని పెండింగ్ ఫైళ్ల అడుగున పెట్టకండి.

లైసెన్సుల పని చూడ్డానికి కాగితాల పనిలా ఉంటుంది గానీ అసలు భద్రత చాలావరకు అక్కడే ఉంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడం లాంటి చిన్న పనులు తప్ప వైరింగ్ ఏదైనా లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ ద్వారా, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ కళ్లెదుట, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చెయ్యాలి. ఊళ్లో జరిగేది మీకు తెలిసిందే. రెన్యువల్స్ ఏ నెలలో గుంపుగా పడతాయో మూడేళ్ల రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది, ఆ నెలల్లో ఫీల్డు తగ్గించుకోండి. ఆ పని మీదున్నప్పుడే ఒక చిన్న పరిశోధన చెయ్యండి, ఒకే కాంట్రాక్టర్ సంతకం చేసిన టెస్ట్ రిపోర్టులన్నీ తేదీల వారీగా పేర్చండి. ఒకే రోజు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు చోట్ల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పట్టుకున్నాడని, అన్నిచోట్లా ఒకటే రీడింగ్ వచ్చిందని తేలితే, ఆ కాంట్రాక్టర్ దగ్గరికి మీ మొదటి ఆకస్మిక తనిఖీ. పర్మిట్ లేని ఊరి ఎలక్ట్రీషియన్ల మీద కేసుల కంటే వాళ్లని పరీక్షకి కూర్చోబెట్టడం మేలని నా అభిప్రాయం, మండల కేంద్రంలో ఒక పూట కూర్చుని అప్లికేషన్లు మనమే నింపించినా తప్పులేదు.

ఇక నేను చేసిన తప్పు. మొదటి ఏడాది ఒక రైస్‌మిల్లుకి వెళ్లాను. ఎర్త్ పిట్ (లీకైన కరెంటు నేలలోకి పోయే గుంట) మూత లేదు, లోపల చుక్క నీరు లేదు, అందులోకి దిగే జీఐ (జింకు పూత ఇనుము) పట్టీని రెండు వేళ్లతో లాగితే అప్పడంలా విరిగి చేతికొచ్చింది. రిజిస్టర్‌లో మాత్రం ఎర్తింగ్ బాగున్నట్టు నెలనెలా 1.2 ఓమ్స్ అని ముత్యాల్లాంటి అక్షరాలు. లోపాలన్నీ రాసి నోటీసిచ్చాను, తనిఖీ ఒకటి అయిందని షీటులో అంకె వేసుకున్నాను, మళ్లీ వెళ్లలేదు, వెళ్లడానికి ప్లాన్‌లో రోజే లేదు. ఎనిమిది నెలల తర్వాత అదే మిల్లులో ఎలివేటర్ మోటారు బాడీ షాక్ కొట్టి హమాలీ ఒకాయన కింద పడ్డాడు. ప్రాణం దక్కింది. విచారణకి ఫైలు తీస్తే అందులో నా నోటీసు కాపీ ఉంది, కింద నా సంతకం.

అప్పటినుంచి పైన చెప్పిన 172 రోజుల్లో 40 రోజులు రెండోసారి వెళ్లడానికే తీసేస్తాను. ఎన్ని తనిఖీలు అన్న కాలమ్ పక్కనే ఎన్ని లోపాలు సరిచేశారు అన్న కాలమ్ నేనే గీసుకున్నాను, పై ఆఫీసు అడగకపోయినా నెలనెలా అదీ పంపిస్తాను. మీ షీటులో కూడా గీసుకోండి.

ఆ మిల్లుకి మొన్న మళ్లీ వెళ్లాను. కొత్త పట్టీ, పిట్ మీద సిమెంటు మూత, నీళ్లు పోసిన తడి కూడా ఉంది. మిల్లాయన టీ తెప్పించాడు. రిజిస్టర్ తిప్పితే రాబోయే రెండు నెలల రీడింగులు కూడా అప్పుడే రాసేసి ఉన్నాయి.