చెరువు నీటి తేటను కొలిచే పద్ధతి

విశాఖపట్నానికి తాగునీరిచ్చే ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డ జలాశయాలైనా, అచ్యుతాపురం దగ్గరి కొండకర్ల ఆవ అయినా, వాటి ఆరోగ్యాన్ని గమనించడానికి స్థానికులకు ప్రయోగశాల అవసరం లేదు. ఇటలీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి 1865లో సముద్రంపై పరీక్షించిన బిళ్ల పద్ధతి నేటికీ సరిపోతుంది.

20 సెంటీమీటర్ల వ్యాసం గల రేకు బిళ్లను నాలుగు భాగాలుగా గీసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేయాలి. నడిమి రంధ్రం నుంచి సాగని తాడు కట్టి, అడుగున బరువు వేలాడదీసి, తాడుపై 10 సెంటీమీటర్లకొక గీత పెట్టాలి. ముడులు వేస్తే తాడు కురచై లెక్క తప్పుతుంది. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 గంటల లోపు, దోనె నీడ పడే వైపు నుంచి, చలువ కళ్లద్దాలు తీసి, బిళ్లను మెల్లగా దించాలి. అది కనుమరుగైన లోతుకూ, పైకి లాగేటప్పుడు తిరిగి కనిపించిన లోతుకూ సగటు తీసి రాసుకోవాలి. ఆ లోతు ఎంత ఎక్కువైతే నీరు అంత తేటగా ఉన్నట్లు. తాగునీటి జలాశయమైతే ముందుగా అనుమతి పొందాలి.

లోతుతోపాటు నీటి రంగును కూడా తప్పక రాయాలి, ఎందుకంటే అంకె ఒకటే అయినా జబ్బులు వేరు. వానల తర్వాత నీరు ఎర్రగా ఉంటే కొట్టుకొచ్చిన మట్టి కారణం కావచ్చు. అది కొంతకాలానికి అడుగున పేరుకుంటుంది. వానలు లేకున్నా పచ్చబడితే నాచును అనుమానించాలి. మురుగు, ఎరువుల ద్వారా చేరే భాస్వరమే దానికి ముఖ్యమైన మేత. కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు నత్రజనిని గాలి నుంచే తీసుకోగలవు కనుక మంచినీటి చెరువుల్లో భాస్వరాన్ని ఆపడమే కీలకం. నాచు పగలు ప్రాణవాయువును విడుదల చేసినా రాత్రి తానే వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే కారణం చాలావరకు ఇదే.

పచ్చదనం పెరుగుతున్నట్లు నెలనెలా లెక్కలు చూపితే, చెరువులో కలిసే గెడ్డల (వాగుల) వెంట నడిచి మురుగు ఎక్కడ చేరుతోందో గుర్తించి, ఫొటోలతో నగరపాలక సంస్థకో పంచాయతీకో రాయాలి. గట్టున బట్టలు ఉతకడం మాని, పొలానికీ నీటికీ నడుమ గడ్డి పట్టీని వదలాలి. గుర్రపుడెక్కను పీకి గట్టుమీదే కుప్ప పోస్తుంటారు; అది కుళ్లి, మొదటి వానకే భాస్వరం తిరిగి నీటిలో చేరుతుంది. దానిని దూరంగా తరలించి ఎండబెట్టాలి. నీటిపై పచ్చరంగు పోసినట్లు తెట్టు కనిపిస్తే, అది విషపూరితం కావచ్చు కనుక, తగ్గేవరకు పశువులను దించరాదు.