సేవ్ కొట్టినా పాత నోట్సే కనిపిస్తోందా? టిడ్లీవికీకి బ్రౌజర్‌తో వచ్చే తిప్పలు

టిడ్లీవికీ అంటే మన నోట్స్, వాటిని నడిపే ప్రోగ్రామ్ రెండూ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్లో (అంటే బ్రౌజర్లో తెరుచుకునే వెబ్ పేజీలో) ఉండే నోట్‌బుక్. జెరెమీ రస్టన్ 2004లో మొదలుపెట్టాడు. ఖాళీ ఫైల్ రెండు ఎంబీ పైచిలుకు ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్ లేకపోయినా ఎక్కడైనా తెరుచుకుంటుంది. తెరవడం వరకూ పేచీ లేదు. రాసింది మళ్లీ అదే ఫైల్లోకి చేరడం దగ్గరే గొడవంతా.

సమస్య: సేవ్ కొట్టిన ప్రతిసారీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో కొత్త కాపీ

నోట్స్, నోట్స్ (1), నోట్స్ (2)... వారం తిరిగేసరికి ముప్పై ఫైళ్లు. ఇది టిడ్లీవికీ లోపం కాదు, బ్రౌజర్ పాడైపోనూ లేదు. మనం తెరిచిన పేజీ ఏదైనా సరే, హార్డ్ డిస్క్‌లోని ఫైల్‌ను తనంతట తాను మార్చకూడదన్నది బ్రౌజర్ల భద్రతా నియమం. మార్చనిస్తే ఏ దొంగ పేజీ అయినా మన ఫైళ్ల మీద పడొచ్చు కదా. అందుకే టిడ్లీవికీ కొత్త కాపీని డౌన్‌లోడ్‌గా ఇచ్చి ఊరుకుంటుంది.

ఒకప్పుడు ఇంత బాధ లేదు. ఫైర్‌ఫాక్స్‌లో టిడ్లీఫాక్స్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకుంటే నేరుగా అదే ఫైల్లో సేవ్ అయ్యేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపేసింది. టిడ్లీఫాక్స్ కూడా వాటితోనే పోయింది. పాత వ్యాసాల్లో ఇప్పటికీ దాని పేరు కనిపిస్తుంటుంది, వెతికి టైమ్ వృథా చేసుకోకండి.

ఇప్పుడు చేయగలిగినవి ఇవి. అన్నిటికన్నా తేలిక, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ దగ్గర, ప్రతి ఫైల్‌నూ ఎక్కడ సేవ్ చేయాలో అడగమనే ఆప్షన్ ఆన్ చేయడం. సేవ్ కొట్టగానే పెట్టె తెరుచుకుంటుంది. అసలు ఫైల్‌నే ఎంచుకుని, దాని మీదే రాసేయమనాలి. రోజుకు రెండుమూడు సార్లు సేవ్ చేసేవాళ్లకు ఇది చాలు. ప్రతి ఐదు నిమిషాలకూ చేసేవాళ్లకు మాత్రం విసుగొస్తుంది. వాళ్లు టిడ్లీడెస్క్‌టాప్ వేసుకోవడం మేలు. అది ఈ ఫైళ్ల కోసమే చేసిన ప్రోగ్రామ్, నేరుగా సేవ్ చేస్తుంది, పాత కాపీలను బ్యాకప్‌గా దాచిపెడుతుంది కూడా. బ్రౌజర్ వదలలేం అనుకుంటే టిమిమి అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. దానికి తోడు కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయాలి. చాలామంది ఎక్స్‌టెన్షన్ ఒక్కటే వేసి, పనిచేయట్లేదని తీసేస్తారు.

సమస్య: సేవ్ చేశాను, మర్నాడు తెరిస్తే లేదు

నేను నాలుగు రోజుల నోట్స్ ఇలాగే పోయాయని కంగారుపడ్డాను. అవి ఎక్కడికీ పోలేదు. నా బుక్‌మార్క్ డాక్యుమెంట్స్‌లో ఉన్న పాత ఫైల్‌ను తెరుస్తోంది, కొత్తవన్నీ డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్నాయి. ముందు టెన్షన్ పడకుండా డౌన్‌లోడ్స్‌ను తేదీ ప్రకారం సర్దండి. అన్నిటికన్నా కొత్తదాన్ని తెరిచి చూసి, సరైనదే అయితే పాతదాని చోట పెట్టండి. ఈలోగా పాత ఫైల్లో ఒక్క ముక్క కూడా రాయకండి. రాస్తే రెండు దారులైపోతాయి, కలపడం పెద్ద పని.

ఇంకో మోసం ఉంది. మార్పులు సేవ్ కాకపోతే సేవ్ గుర్తు ఎర్రగా ఉంటుంది. డౌన్‌లోడ్ పద్ధతిలో ఆ పెట్టెను క్యాన్సిల్ చేసినా ఎరుపు పోవచ్చు, ఎందుకంటే ఫైల్ నిజంగా డిస్క్ మీద పడిందో లేదో పేజీకి తెలియదు. అందుకే రంగును కాదు, ఫోల్డర్లో ఫైల్ టైమ్ చూడండి.

బ్రౌజర్ మెనూలోని సేవ్ పేజ్ వాడినా ఇదే గతి. అది తెర మీద కనిపించే పేజీనో, ముందున్న అసలు ఫైల్‌నో దాస్తుందే తప్ప కొత్తగా రాసినవాటిని నోట్‌బుక్‌లో చేర్చదు. ఎప్పుడూ టిడ్లీవికీ లోపలి సేవ్ గుర్తే నొక్కాలి.

సమస్య: ఉబుంటులో ఫైలే తెరుచుకోదు

ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) 21.10 వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా, అంటే కొన్ని ఫోల్డర్లనే ముట్టుకోనిచ్చే ప్యాకేజీగా వస్తోంది. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే దాపు ఫోల్డర్లు దానికి కనపడవు. ఫైల్‌ను మామూలు ఫోల్డర్లోకి మార్చండి.

సమస్య: ఫోన్‌లో చదవగలను, రాయలేను

ఆండ్రాయిడ్‌లో టిడ్లాయిడ్ అనే యాప్‌తో తెరవండి, అదే ఫైల్లో సేవ్ అవుతుంది. బ్రౌజర్‌తో కుస్తీ అనవసరం.

సమస్య: తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలు

ఇది బ్రౌజర్ తప్పు కాదు. ఎవరో ఫైల్‌ను పాత నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అక్షరాలను దాచే పాత పద్ధతి అయిన ఏఎన్ఎస్ఐలో సేవ్ చేసి ఉంటారు. ఆ పద్ధతిలో తెలుగు అక్షరాలకు చోటే లేదు, అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ఇలా అయినది మళ్లీ వెనక్కి రాదు. డౌన్‌లోడ్స్‌లో విసుక్కుంటూ వదిలేసిన ఆ ముప్పై కాపీల్లో ఒకటి తెరిచి చూడండి, తెలుగు చెక్కుచెదరకుండా ఉంటుంది.