కట్టెతో ఇల్లు – మూడో పాఠం: పచ్చి ఎంత, ఎండు ఎంత

పోయిన పాఠంలో చేవకూ తెల్లకూ తేడా చూశాం. దుంగ అడ్డకోత చూసి, ముదురు రంగులో ఉన్న నడిమి భాగమే చేవ, దాని చుట్టూ ఉన్న లేత రంగుది తెల్ల అని ఇప్పుడు మీరు చెప్పగలరు. ఈసారి కంటికి కనిపించని సంగతి: కట్టెలో ఉన్న నీళ్లు.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచలో మా ఇంటి దర్వాజకు ఆలపల్లి వైపు టేకే కొన్నాం. బల్లార్షా కట్టె డిపో నుంచి 2023లో అయోధ్య రామాలయం తలుపులకు పోయింది కూడా మన గడ్చిరోలి, చంద్రపూర్ అడవుల టేకే. అంత పేరున్న కట్టె కదా అని ధీమాగా ఉన్నాం. ఎండాకాలం వచ్చేసరికి పలకల మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందు పడింది. తప్పు టేకుది కాదు. ఆరకముందే రంద పట్టించాం.

పచ్చి కట్టెలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి: కణాల లోపలి ఖాళీల్లో, కణాల గోడల్లో. ముందు ఖాళీల్లోని నీళ్లు పోతాయి. అప్పుడు బరువు తగ్గుతుంది గానీ కొలత మారదు. తేమ 30 శాతం దగ్గరికి దిగాక గోడలు ఆరడం మొదలవుతుంది, కట్టె కుంచించుకుపోయేది అక్కడి నుంచే. పొడవు దాదాపు తగ్గదు, అడ్డం తగ్గుతుంది. అందులోనూ అడ్డకోతలో కనిపించే వలయాల వెంబడి తగ్గేది, నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదానికి సుమారు రెట్టింపు. దుంగ నడిమి దాకా నెర్రెలిచ్చేది ఇందుకే.

ఇక కొలుద్దాం. పలక చివర త్వరగా ఆరుతుంది కాబట్టి, చివర నుంచి అడుగు లోపల ఒక చిన్న ముక్క కోయండి. వెంటనే తూచండి. 250 గ్రాములు ఉందనుకుందాం. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర ఉంచి, కొన్ని గంటలకోసారి తూస్తూ పోండి. రెండుసార్లు ఒకే బరువు వస్తే ఆపేయండి. ఇప్పుడు 200 గ్రాములు ఉంటే, పోయిన నీళ్లు 50. దాన్ని ఎండు బరువుతో భాగించాలి: 50ని 200తో భాగిస్తే 25 శాతం. కొత్తవాళ్లంతా 250తో భాగించి 20 అంటారు. నేనూ అలాగే అన్నాను.

ఇంటి లోపలి తలుపులకు 12 శాతం చుట్టూ ఉండాలి. 25 శాతం కట్టె ఇంకా ఆగాలి. నేలకు ఎత్తుగా, నీడలో, గాలి ఆడేలా వరసలుగా పేర్చండి. వరసకూ వరసకూ మధ్య ఒకే మందం పట్టీలు, ఒకదాని మీదికి ఒకటి సరిగ్గా వచ్చేలా పెట్టండి. పట్టీ పక్కకు జరిగితే పలక వంగిపోతుంది. చివరలకు పెయింట్ పూయండి. అంగుళం మందానికి ఏడాది అని పెద్దల లెక్క. టెన్షన్ పడకండి, మధ్యమధ్య తూస్తూ ఉంటే చాలు.

ఇంత ఓపిక ఎందుకంటే, ఎండిన కట్టె బరువులో సగం కార్బనే. మీ 200 గ్రాముల ముక్క కోసం చెట్టు గాలి నుంచి సుమారు 365 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ తీసుకుంది. తలుపు నిలిచినన్నాళ్లూ ఆ కార్బన్ అందులోనే ఉంటుంది. పగిలిన తలుపు పొయ్యిలోకి పోతే మళ్లీ గాలిలో కలుస్తుంది. నార్వేలో 2019లో పూర్తయిన 85.4 మీటర్ల మ్యోస్టార్నెట్ భవనానికి జిగురుతో అతికించిన కట్టె స్తంభాలే ఆధారం. అలాంటి పనికీ పలకలను ముందు ఆరబెట్టాకే అతికిస్తారు.

మీ సామిల్ నుంచి టేకు ముక్క ఒకటి, మద్ది ముక్క ఒకటి తెచ్చి, ఇలాగే తూచి రెండింటి తేమ శాతం కట్టండి. ఆ రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో జాయింట్‌కు ఎంత సందు వదలాలో వాటితోనే లెక్క కడదాం.